కాటా వేరు, రాళ్లు వేరు



“ఈ సార్వాకు ఫలానా వారంలో నాట్లు వేస్తే దిగుబడి బాగుంటుందని కంప్యూటరు చెప్పింది” అన్న మాట ఇప్పుడు వింటున్నాము. అట్లా చెప్పేదాన్ని పంట నమూనా అంటారు. అది సాఫ్ట్‌వేరా, డేటానా? ఈ గొడవ మనకెందుకని అనుకోకండి. సలహా తప్పినప్పుడు దేన్ని దిద్దాలో దీన్నిబట్టే తేలుతుంది.

ధాన్యం తూచే కాటా సంగతి చూడండి. కాటా బాగున్నా రాయి అరిగితే తూకం తప్పుతుంది. రాళ్లు బాగున్నా కాటా ముల్లు వంగితే తప్పుతుంది. నమూనా కూడా అంతే.

డి.ఎస్.ఎస్.ఎ.టి. అనే పంట నమూనాల సంపుటి 1989లో మొదట వెలువడింది. నేటికీ అనేక దేశాలలో వాడుతున్నారు. ఎండ, వేడి, నీరు, నత్రజని బట్టి మొక్క రోజుకెంత పెరిగేదీ కట్టే సూత్రాలు అందులో ప్రోగ్రాంగా ఉంటాయి. అది సాఫ్ట్‌వేరు, అంటే కాటా. వాతావరణం, నేల, వంగడం వివరాలు వేరే ఫైళ్లలో అంకెలుగా ఉంటాయి. ఏ వంగడానికి ఎంత వేడి అందితే పూతకు వస్తుంది, గింజ బరువెంత, ఇవి డేటా. అంటే రాళ్లు.

మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ మనకు తెలిసిన వంగడమే. దానికి స్వల్పకాలిక రకం అంకెలు పెడితే కోత తేదీ ముందే చూపుతుంది. ఇది డేటా తప్పు. అంకె మారిస్తే చాలు.

కాని అల్లవరం మండలం సముద్రపు ఒడ్డున ఉన్నది. చేలలో ఉప్పు తేలడం మనం ఎరిగిందే. సూత్రాలలో ఉప్పుకు చోటే లేకపోతే, మన్ను ఎన్నిసార్లు పరీక్ష చేయించి అంకెలిచ్చినా ప్రయోజనం లేదు. ఇది ప్రోగ్రాం లోటు. శాస్త్రజ్ఞులే దిద్దాలి.

ఇప్పుడు మరో రకం నమూనాలు వస్తున్నాయి. వేల చేల లెక్కలు చూసి అవి తమ అంకెలు తామే కట్టుకుంటాయి. అక్కడ కాటా, రాళ్లు కలిసిపోయినవన్నమాట. అందుచేత ఏ ప్రాంతపు చేల లెక్కలతో నేర్చిందో ముందు అడగాలి.

విస్తరణ సిబ్బందికి మనవి: సలహా చదివి వినిపించే ముందు, ఆ అంకెలు ఏ వంగడానివి, ఏ నేలవి అని విచారించండి. రైతు సోదరులారా, మీరు నారు పోసిన తేదీ, నాటిన తేదీ, పూత, కోత, దిగుబడి ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. కాటా ఎక్కడ తయారైనా, మీ చేనికి సరిపడే రాయి మీ చేలోనే దొరుకుతుంది.