వార్తల్లో పదం: హెచ్‌బీఏ1సీ
రాత్రి పెళ్లి భోజనం చేసినా, పొద్దున పరగడుపున ఉన్నా పెద్దగా మారని షుగర్ పరీక్ష ఇది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అంటుకుందో చెబుతుంది. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు; అందుకే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. 6.5 శాతం, ఆపైన వస్తే మధుమేహం.

చిక్కంతా ఆ ఆయుష్షులోనే ఉంది. ఐరన్ లోపంతో రక్తం తగ్గితే షుగర్ లేకున్నా అంకె పెరగవచ్చు. ఐరన్ మాత్రలతో దిగుతుంది. రక్తం ఎక్కించుకున్నవారికి, డయాలసిస్ రోగులకు తక్కువ చూపవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది చిన్న సంగతి కాదు.

మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం అక్కలారా, బస్తీ దవాఖానాలో రిపోర్టు చూపించేటప్పుడు మీ హిమోగ్లోబిన్ ఎంతో, ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి.