లైట్లు కాదు... స్విచ్ చూడండి!

‘అన్నా, మెకానికల్ కీబోర్డు కొంటే గేమ్‌లో ర్యాంకు పెరుగుతుందా?’ ఈమధ్య మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాడు. హాస్టల్లో ఉంటాడు. రాత్రి పదైతే వాలొరాంట్ మొదలు. మూడు నెలల పాకెట్ మనీలో మిగిల్చి నాలుగు వేలు కూడబెట్టాడట. నా జవాబు ఒకటే: పెరగదు. కానీ చూసి కొంటే కొన్నేళ్లపాటు హాయిగా ఆడుకోవచ్చు, ప్రాజెక్టు రిపోర్టులూ కొట్టుకోవచ్చు. చూడకుండా కొంటే రంగురంగుల లైట్లకు నాలుగు వేలు పోసినట్టే.

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. కొనేముందు చాలామంది చూసేది లైట్లు, బాక్సు మీద రాసిన పెద్ద పెద్ద నంబర్లు. అసలు చూడాల్సింది మూడు: మీరు ఆడే గేమ్, మీ గది, మీ జేబు. మిగతావన్నీ వీటి తర్వాతే.

లోపల ఏముంటుంది?

కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి మెంబ్రేన్ కీబోర్డులు. కీల కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి. నొక్కితే బుడిపె అణిగి, కింద పొరలోని సర్క్యూట్ కలుస్తుంది. దాదాపు అడుగుదాకా నొక్కితేగానీ పని జరగదు. వాడగా వాడగా రబ్బరు మెత్తబడిపోతుంది.

మెకానికల్‌లో అలా కాదు. ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్ ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు, కిందికీ పైకీ కదిలే చిన్న ప్లాస్టిక్ కాడ, రెండు లోహపు రేకులు. కాడ సగం దూరం దిగేసరికే రేకులు కలుస్తాయి, అక్షరం నమోదైపోతుంది. అడుగుదాకా నొక్కాల్సిన పనిలేదు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల్లో తెచ్చిన ఎమ్‌ఎక్స్ స్విచ్చే దీనికి మూలరూపం. దాని పేటెంటు గడువు తీరాక గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే నమూనాలో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు పది వేలు పెడితేగానీ రాని సరుకు ఇప్పుడు రెండున్నర, మూడు వేలకు దొరకడానికి పెద్ద కారణం అదే.

ఒక జాగ్రత్త: ‘మెకానికల్ ఫీల్’, ‘మెకా మెంబ్రేన్’ అని రాసి ఉంటే అది మెకానికల్ కాదు. లోపల ఉండేది రబ్బరే. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకే దొరుకుతోందంటే వివరాల్లో స్విచ్ పేరు ఉందో లేదో చూడండి. స్విచ్ పేరు లేదంటే అనుమానించాల్సిందే.

ఎరుపా, గోధుమా, నీలమా?

స్విచ్‌లను రంగుల పేర్లతో పిలుస్తారు. రంగు అంటే అందం కోసం కాదు, దాని స్వభావం చెప్పడానికి.

రెడ్: పైనుంచి కిందిదాకా నున్నగా దిగుతుంది. మధ్యలో అడ్డు లేదు, చప్పుడు తక్కువ. చెర్రీ రెడ్ నమోదు కావడానికి 45 గ్రాముల ఒత్తిడి చాలు, 2 మిల్లీమీటర్లు దిగితే చాలు. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. గేమర్లు ఎక్కువగా వాడేది ఇదే.

బ్రౌన్: మధ్యలో వేలికి చిన్న గతుకులా తగులుతుంది. ‘నమోదైంది’ అని వేలికి తెలిసిపోతుంది. పగలు కోడింగు, రాత్రి గేమింగు చేసేవాళ్లకు మధ్యేమార్గం.

బ్లూ: గతుకుతోపాటు ‘టిక్’ మని గట్టిగా చప్పుడొస్తుంది. టైప్ చేస్తుంటే పాత టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టు ఉంటుంది. సరదాగానే ఉంటుంది. కానీ గేమింగ్‌లో దీనికో చిక్కుంది. ఒకసారి నొక్కాక కీ కాస్త ఎక్కువ పైకి లేస్తేగానీ మళ్లీ నొక్కడానికి సిద్ధం కాదు. ఒకే కీని టకటకా కొట్టాల్సిన చోట అది వేలికి అడ్డం.

చెర్రీ సిల్వర్ అని ఇంకోటుంది. 1.2 మిల్లీమీటర్లకే నమోదవుతుంది. వేగమే, కానీ వేలు ఆనిస్తే చాలు అక్షరం పడిపోతుంది. గేమ్‌లో బాగుంటుంది, మెయిల్ రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి.

అన్ని కంపెనీలూ రంగుల విషయంలో దాదాపు ఈ పద్ధతే పాటిస్తాయి. అయితే ఇప్పుడు కొత్త కొత్త రంగులూ పేర్లూ వచ్చేశాయి కాబట్టి రంగొక్కటే నమ్మకండి. వివరాల్లో లీనియర్, ట్యాక్టైల్, క్లిక్కీ అనే మూడు మాటల్లో ఏముందో చూడండి. నున్నగా దిగేది లీనియర్, గతుకున్నది ట్యాక్టైల్, చప్పుడు చేసేది క్లిక్కీ.

మీ గదిలో ఎవరున్నారు?

యూట్యూబ్ రివ్యూల్లో ఈ ప్రశ్న పెద్దగా వినిపించదు. అక్కడ రివ్యూ చేసేవాళ్లకు విడిగా గది ఉంటుంది. మనలో చాలామందికి ఉండదు. హాస్టల్లో ముగ్గురు, పీజీలో నలుగురు, ఇంట్లో అయితే పక్క గదిలో ఉదయం ఐదింటికి లేవాల్సిన నాన్న. రాత్రి ఒంటిగంటకు బ్లూ స్విచ్ మీద మ్యాచ్ ఆడితే గెలుపూ ఓటమీ సంగతి తర్వాత, ముందు చెప్పులు ఎగిరొస్తాయి! నేను అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు పక్క బెడ్ అన్న గ్రూప్స్‌కి చదివేవాడు. అతను నోట్సు రాసుకుంటుంటే నేను రెడ్ స్విచ్ కీబోర్డు కింద పాత టవల్ మడిచి పెట్టుకుని ఆడేవాణ్ని. బల్లకు తగిలే అదురు తగ్గి, చప్పుడు సగానికి సగం తగ్గినట్టు అనిపించేది.

కాబట్టి గదిలో ఇంకెవరైనా ఉంటే క్లిక్కీ వద్దు. ‘సైలెంట్’ అని రాసిన లీనియర్ స్విచ్‌లు దొరుకుతాయి. లోపల చిన్న మెత్తటి ముక్కలుంటాయి, అడుగున తగిలినా చప్పుడు పెద్దగా రాదు. కీబోర్డు లోపల ఫోమ్ పొర ఉందో లేదో కూడా చూడండి.

సైజు: బల్ల కొలత తీసుకోండి

పూర్తి సైజు కీబోర్డులో 104 కీలు. కుడివైపు నంబర్ల వరస తీసేస్తే 87, దీన్నే టీకేఎల్ అంటారు. ఇంకా చిన్నవి 75 శాతం, 65 శాతం. 60 శాతం అంటే 61 కీలే. పైన ఎఫ్ కీలు ఉండవు, బాణం గుర్తులూ ఉండవు.

షూటింగ్ గేమ్‌లు ఆడేవాళ్లు మౌస్ సెన్సిటివిటీ తక్కువ పెట్టుకుంటారు. అంటే మౌస్‌ను బారుగా కదపాలి. చిన్న స్టడీ టేబుల్ మీద పెద్ద కీబోర్డు పెడితే మౌస్ వెళ్లి కీబోర్డుకు గుద్దుకుంటుంది. వాళ్లకు టీకేఎల్ గానీ 75 శాతం గానీ సరిపోతుంది. ట్యాలీ నేర్చుకునేవాళ్లు, ఎక్సెల్ పని ఉన్నవాళ్లు మాత్రం నంబర్ల వరస వదులుకోకండి.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో మాట. ఇన్‌స్క్రిప్టు లేఅవుట్‌లో ‘ఒ’ అక్షరం, ‘ఒ’కారపు గుర్తు ఒకటి అంకె పక్కన ఎడమ చివరి కీ మీద ఉంటాయి. చాలా 60 శాతం కీబోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ కీ వచ్చి కూర్చుంటుంది. ‘కొత్త’ అని కొట్టాలన్నా ప్రతిసారీ ఇంకో కీ కలిపి నొక్కాలి. రోజూ తెలుగు రాసేవాళ్లకు అది తలనొప్పే.

బాక్సు మీద నంబర్ల సంగతి

‘8000 హెర్ట్జ్ పోలింగ్ రేట్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కీబోర్డు సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు చెబుతుందో అదీ లెక్క. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. 1000 అయితే 1 మిల్లీసెకనుకు ఒకసారి. 8000 అయితే 0.125కు. 125 నుంచి 1000కి మారితే కాస్తో కూస్తో లాభం ఉంది. 1000 నుంచి 8000కి మారితే మిగిలేది ఒక మిల్లీసెకను కూడా కాదు.

ఇప్పుడు పక్కన మిగతా లెక్కలు పెట్టి చూడండి. తెరమీద శత్రువు కనబడి మన వేలు కదలడానికి 200 మిల్లీసెకన్లకు అటూ ఇటూ పడుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ కొత్త బొమ్మ చూపించడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హాస్టల్ వైఫైలో పింగ్ 40, 50 కనబడటం మామూలే. ఇవన్నీ వదిలేసి ఒక్క మిల్లీసెకను కోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం దండగ. ల్యాన్ కేబుల్ లాగించుకుంటే అంతకన్నా లాభం.

ఒక నంబరు మాత్రం నిజంగా పనికొస్తుంది: ఎన్-కీ రోలోవర్. ఒకేసారి ఎన్ని కీలు నొక్కినా అన్నీ నమోదవుతాయని దానర్థం. చవక మెంబ్రేన్ కీబోర్డుల్లో కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి మింగేస్తాయి. దసరా సెలవుల్లో అన్నదమ్ములు ఒకే కీబోర్డు మీద ఫైటింగ్ గేమ్ ఆడుతూ ‘నేను నొక్కాను, అది కొట్టలేదు’ అని గొడవపడే ఉంటారు. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు! మీ కీబోర్డును పరీక్షించాలంటే రెండు షిఫ్ట్ కీలూ పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలన్నీ వరసగా కొట్టండి. కొన్ని పడకపోతే సంగతి తెలిసిపోతుంది.

అయస్కాంతాల కాలం

ఈ రెండుమూడేళ్లలో గేమింగ్ కీబోర్డుల్లో వచ్చిన అసలైన మార్పు ఇదే. లోహపు రేకుల బదులు స్విచ్‌లో చిన్న అయస్కాంతం, కింద సెన్సర్ ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రం ఇది. అందుకే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులంటారు. కీ ఎంత లోతు దిగిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది కాబట్టి, ఎక్కడ నమోదు కావాలో మనమే సెట్ చేసుకోవచ్చు. ‘ర్యాపిడ్ ట్రిగ్గర్’ అనే సదుపాయంతో కీ కొంచెం పైకి లేవగానే వదిలేసినట్టు లెక్క. పరిగెత్తుతూ టక్కున ఆగి కాల్చాల్సిన కౌంటర్ స్ట్రైక్, వాలొరాంట్ లాంటి గేమ్‌లలో ఇది తేడా చూపిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ కంపెనీ దీన్ని గేమర్లలోకి తీసుకెళ్లింది. ఇప్పుడు చవక బ్రాండ్లూ అందుకున్నాయి.

దీనికో హద్దు కూడా ఉంది. రెండు వ్యతిరేక కీలు కలిపి నొక్కినా కీబోర్డే ఒకదాన్ని వదిలేసే ‘స్నాప్ ట్యాప్’ లాంటి సదుపాయాలను 2024 ఆగస్టులో వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. వాడితే మ్యాచ్ లోంచి బయటికే. మనిషి చేయాల్సిన పని యంత్రం చేయకూడదన్నది వాళ్ల వాదన. కాబట్టి కొన్నాక ఆ ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి.

కథల గేమ్‌లు, క్రికెట్, కార్ల రేసులు ఆడేవాళ్లకు అయస్కాంతాల అవసరం అంతగా లేదు. మామూలు రెడ్ చాలు.

జేబును బట్టి...

రెండున్నర, మూడు వేల రూపాయల్లో: వైరు ఉన్న టీకేఎల్, లీనియర్ స్విచ్‌లు. మన దేశపు బ్రాండ్లు కాస్మిక్ బైట్, యాంట్ ఈస్పోర్ట్స్ లాంటివి ఈ ధరల్లో కనిపిస్తాయి. వైర్‌లెస్ కోసం పాకులాడకండి.

నాలుగైదు వేలల్లో: ‘హాట్ స్వాప్’ ఉన్నది చూడండి. స్విచ్‌లను సోల్డరింగ్ లేకుండా చేత్తోనే పీకి మార్చుకోవచ్చు. ఏడాదిన్నర వాడాక నా కీబోర్డులో ‘ఈ’ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. బాక్సులో ఇచ్చిన పట్టకారుతో పాత స్విచ్ పీకి, కొత్తది గుచ్చాను. రెండు నిమిషాల పని. హాట్ స్వాప్ లేకపోతే రిపేర్ షాపు చుట్టూ తిరగాలి. కీక్యాప్‌లు పీబీటీ ప్లాస్టిక్‌వైతే మంచిది, ఏబీఎస్ అయితే కొన్నాళ్లకు చెమటకు నూనె రాసినట్టు మెరుస్తాయి.

అంతకుమించి పెట్టగలిగితే: షూటర్లు సీరియస్‌గా ఆడేవాళ్లు హాల్ ఎఫెక్ట్ చూడొచ్చు. వైర్‌లెస్ కావాలంటే బ్లూటూత్ ఒక్కటే ఉన్నది కాకుండా 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ వచ్చేది తీసుకోండి. గేమింగ్‌కు బ్లూటూత్ ఆలస్యం.

వీలైతే కొనేముందు ఒక్కసారైనా నొక్కి చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి ఓ సాయంత్రం వెళ్లి రావొచ్చు. ఊళ్లో అలాంటి షాపు లేకపోతే గేమింగ్ కేఫ్‌లో గంట ఆడి, అక్కడి కీబోర్డు ఏ స్విచ్‌దో అడగండి. వంద రూపాయలతో పోయేది నాలుగు వేల పశ్చాత్తాపం. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు, వారంటీ ఎవరిస్తారు అన్నవి ముందే చదవండి.

చివరగా చేతుల సంగతి. మెకానికల్ కీబోర్డులు మామూలువాటికన్నా ఎత్తుగా ఉంటాయి. వెనక కాళ్లు కూడా లేపితే మణికట్టు పైకి వంగిపోతుంది. కాళ్లు మడిచేయండి, అరచేతి కింద మెత్తటి ఆసరా పెట్టుకోండి. గంటకోసారి లేవండి. కీబోర్డు పాడైతే స్విచ్ మార్చుకోవచ్చు. మణికట్టుకు మాత్రం హాట్ స్వాప్ లేదు.