ఆపద గడచినను గడవని భయము: స్వరూపము, చికిత్స

మైలాపూరునకు తూర్పున, సముద్రపు టొడ్డున నొచ్చికుప్పము, శ్రీనివాసపురము మున్నగు జాలరుల వాడలు కలవు. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము ఉదయమున, సుమత్రా చెంత పుట్టిన భూకంపము వలన లేచిన సునామీ తరంగములు ఈ తీరమును ముంచివేసెను. నీరు ఆ దినముననే వెనుదీసెను. ఇట్టి విపత్తులు కలిగించు భయమో, అంత శీఘ్రముగ వెనుదీయదు. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన ఉప్పెన నెరిగిన ఆంధ్రులకు ఈ సంగతి క్రొత్త గాదు.

భయము స్వతః వ్యాధి కాదు. ఆపద తోచగనే మెదడులోని అమిగ్డాలా యను భాగము హెచ్చరించును, అడ్రినలిన్ స్రవించును, గుండె వడిగ కొట్టుకొనును. ఇది ప్రాణరక్షణకై ప్రకృతి యొసగిన సాధనము. ఆపద గడచినను హెచ్చరిక ఆగకుండుటయే వ్యాధి. విపత్తు నెదుర్కొనిన వారిలో పెక్కుమంది కొలది వారములలో కోలుకొందురు. పీడకలలు, జరిగినది మరల కన్నులయెదుట జరుగుచున్నట్లు తోచుట, చిన్న చప్పుడునకే యులికిపడుట, ఆ జ్ఞాపకము తెచ్చు తావులను విడిచి తిరుగుట—ఇవి నెలకు మించి నిలిచి నిత్యజీవనమునకు అడ్డువచ్చినచో దానిని ఆఘాతానంతర మనోవ్యాధి యందురు.

ఆకస్మిక భీతి వేరొక రూపము. ఎదుట నే యాపదయు లేకయే గుండెదడ, ఊపిరాడమి, చెమట, మరణభయము కొలది నిమిషములలో మిన్నుముట్టును. అది మరల మరల వచ్చుచు, ఎప్పుడు వచ్చునో యను దిగులు నిలిచినచో భీతివ్యాధి యగును. మొదటిసారి వచ్చినపుడు గుండెజబ్బు కాదని వైద్యుని పరీక్షచే నిశ్చయించుకొనవలెను.

1871లో దా కోస్టా యను వైద్యుడు అమెరికా అంతర్యుద్ధ సైనికుల గుండెదడను వర్ణించెను. 1980లో అమెరికా మనోవైద్య సంఘము ఈ రెండు వ్యాధులకును ప్రత్యేక నామముల నిచ్చెను.

చికిత్సకు మూలసూత్ర మొక్కటి: తప్పించుకొనుటయే భయమునకు ఆహారము. సముద్రమునకు వెరచినవాడు ఇల్లు కదలకున్నచో ఆ క్షణమున ఊరట కలుగును. భయము మాత్రము బలియును. కావున శిక్షితుడైన చికిత్సకుడు రోగిని క్రమక్రమముగ ధైర్యపరచును: మొదట సముద్రమును గూర్చి మాటలాడుట, పిదప దూరమునుండి చూచుట, తుదకు తీరమున నిలుచుట. సముద్రమే జీవనాధారమైన జాలరికి ఇది బ్రతుకుతెరువును తిరిగి పొందుటయే. అవసరమైనచో సెర్ట్రలిన్ వంటి ఔషధముల నిత్తురు. వాని గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. ఆల్ప్రజొలామ్ వంటి మందులు తక్షణము శాంతినిచ్చినను అలవాటుగ మారు ప్రమాద మున్నది. విపత్తు జరిగిన వెంటనే బాధితుని బలవంతముగ కథ చెప్పించుట మేలుచేయదు. ఆశ్రయము, ఆహారము, అయినవారి తోడు ముందుగ కావలెను.

2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ సేవ 14416 అను సంఖ్యపై ఉచితముగ లభించును. ఈ భయము పిరికితనము గాదు, గ్రహబాధయు గాదు. చికిత్సకు లొంగు వ్యాధి. బంధువులు ఈ సత్యము నెరుగుటయే రోగికి తొలి యూరట.