తడిబట్టకు తట్టుకునే తివాచీ

తివాచీ కొనడానికి వెళ్తే షోరూములో రంగు అడుగుతారు, సైజు అడుగుతారు, బడ్జెట్ అడుగుతారు. అన్నిటికన్నా ముందు అడగాల్సిన మాటను మాత్రం వదిలేస్తారు: మీ ఇంట్లో నేల ఎలా తుడుస్తారు?

విదేశీ ఇళ్ల ఫొటోలు చూసి గది నిండా పరిచే మందపాటి కార్పెట్ మీద మనం మనసు పడతాం. ఆ ఇళ్లలో వాక్యూమ్ క్లీనర్ తిరుగుతుంది. మన ఇళ్లలో పొద్దున చీపురు, ఆ వెనకే ఫినాయిల్ నీళ్ల బకెట్. తడిబట్ట తివాచీ దాకా వచ్చి ఆగుతుంది. అంచు కాస్త తడుస్తుంది, పూర్తిగా ఆరకముందే మర్నాడు మళ్లీ తడుస్తుంది. కొన్నాళ్లకు ఆ అంచు నల్లబడుతుంది. కింద టైల్స్ మీద జిడ్డు గీత పడుతుంది. వానాకాలం వస్తే గదంతా ముక్కవాసన.

అందుకే నా లెక్కలో మొదటి షరతు ఒక్కటే. ఇంట్లో ఒక్కరు, ఎవరి సాయం లేకుండా, ఎత్తి పక్కన పెట్టగలగాలి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న ఉన్ని తివాచీ పాతిక కిలోల దాకా తూగుతుంది. దాని మీద సోఫా కాళ్లు కూడా ఉంటే దాన్ని ఎవరెత్తుతారు? పనికి వచ్చే ఆమె ఎత్తాలనుకోవడం న్యాయం కాదు.

కొలత విషయంలో ఎక్కువమంది చేసేది గదికి మరీ చిన్నది కొనడం. నాలుగడుగులకు ఆరడుగుల ముక్క టీపాయ్ కింద పడి ఉంటే గది ఇరుకుగా కనిపిస్తుంది. సోఫా ముందు కాళ్లు రెండూ తివాచీ మీదికి ఎక్కితే కూర్చునే చోటంతా ఒకటిగా ఉంటుంది. ఎత్తడం ముఖ్యమనుకునేవాళ్లు సోఫా కాళ్లకు ఆనించి, దాని పొడవుకు దాదాపు సమానంగా పరిస్తే చాలు. కొనేముందు అదే కొలతకు పాత పేపర్లు పరిచి ఒకరోజు వాటి చుట్టూ తిరగండి. తలుపు తెరిచినప్పుడు దాని అడుగు తగులుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

డైనింగ్ టేబుల్ కింద మాత్రం వద్దంటాను. కుర్చీ వెనక్కి లాగినా దాని కాళ్లు తివాచీ మీదే ఉండాలంటే టేబుల్ చుట్టూ రెండేసి అడుగులు అదనంగా కావాలి. ఆ రెండడుగుల మీదే పప్పు, చారు, పెరుగు పడతాయి. నూలుది అయితే ఉతికి ఎండలో వేస్తే పసుపు మరక చాలావరకు వెలిసిపోతుంది. ఉన్నిదాన్ని అలా ఉతికి ఆరేయలేం.

ఇక దేనితో చేసిందన్నది. ఉన్ని గట్టిది, తొక్కినా మళ్లీ లేస్తుంది. కొత్తలో నూగు రాలుతుంది, అది లోపం కాదు. దాని భయమల్లా పురుగు. జనపనార చూడ్డానికి బాగుంటుంది కానీ నీళ్లు పడితే గోధుమరంగు మరక కట్టి అలాగే ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు తేమకు జనపనార ముక్కిపోయే అవకాశం ఎక్కువ. పాలీప్రొపిలీన్ చవక. నీళ్లు పీల్చదు కానీ నూనె జిడ్డును పట్టుకుంటుంది, బరువు పడిన చోట అణిగిపోతుంది. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ‘బాంబూ సిల్క్’, ‘ఆర్ట్ సిల్క్’ అని అమ్మే వాటితో. అవి పట్టు కాదు, విస్కోస్. తడిస్తే ఆ పోగు బలం తగ్గుతుంది, ఆరాక పచ్చబడి బిరుసెక్కుతుంది. షోరూము లైట్ల కింద మెరుస్తుంటే చేయి అటే వెళ్తుంది. రోజూ తడిబట్ట పెట్టే ఇంటికి దాన్ని తీసుకెళ్లొద్దు.

ఏది నచ్చినా ముందు ఒక మూల మడిచి వెనక వైపు చూడండి. చేత్తో ముడి వేసినదైతే పైనున్న పూలూ తీగలూ వెనకా స్పష్టంగా కనిపిస్తాయి. ముడులు ఒక్కోటీ వేలికి తగులుతాయి. వరసలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. చివర వేలాడే కుచ్చులు పడుగు దారాలే, వాటిని విడిగా తెచ్చి కుట్టరు. వెనక గుడ్డ అతికించి ఉంటే అది టఫ్టెడ్. బట్టలోకి గన్నుతో ఉన్ని గుచ్చి, రబ్బరు జిగురు పూసి, పైన ఇంకో గుడ్డ అంటిస్తారు. ఇదీ మనుషులు చేసేదే, కానీ ముడి వేసినదాని ధర దీనికి ఇవ్వకూడదు. కొన్నేళ్లకు ఆ జిగురు ఎండి పొడిగా రాలుతుంది. తర్వాత తెల్ల రుమాలు తడిపి ముదురు రంగు మీద గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే రేపు మీ నేలకూ అంటుతుంది.

ఈ షరతులన్నీ పెట్టుకుని చూస్తే మనకు దగ్గర్లోనే జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు పెళ్లిళ్లలో, మీటింగుల్లో పరిచిన జంఖానా. వరంగల్ కొత్తవాడలో ఇప్పటికీ నేస్తున్నారు. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు పడుగు, నూలు పేక, పైన నూగు ఉండదు కాబట్టి దుమ్ము లోపల దాక్కోదు. రెండు రంగులు కలిసే చోట పేక పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని వెనక్కి తిరిగిపోతాయి. అక్కడ వేలు పెట్టి చూస్తే చీలిక తగలదు. రెండు వైపులా ఒకే డిజైను, అంటే ఒకవైపు మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. దులిపి, ఉతికి, డాబా మీద ఆరేసి, సాయంత్రానికి మళ్లీ హాల్లో వేసుకోవచ్చు. చాలాకాలంగా కింద కూర్చుని తినే, చదువుకునే, నడుం వాల్చే మన అలవాటుకు ఇంతకన్నా సరిపోయేది నాకు కనబడలేదు.

దీన్ని బీదవాళ్ల పరుపుగా చూడటం మాత్రం అన్యాయం. తివాచీల నేతలో ఈ నేల పేరు చిన్నది కాదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. జపాన్‌లోని క్యోటోలో గియోన్ ఉత్సవ రథాలను అలంకరించే పాత తివాచీల్లో కొన్ని దక్కన్‌లో నేసినవని పరిశోధకులు గుర్తించారు. ఉన్ని ముడులతో నేసే తివాచీలకు ఏలూరుకూ పాత పేరుంది. ఆ చేతిపని జ్ఞాపకంగా మిగిలిపోకూడదంటే కొనేవాళ్లు కావాలి.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో మాట. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద పల్చటి జంఖానా జారుతుంది. తుంటి ఎముక విరగడానికి ఒక్క జారుడు చాలు. కింద వేసుకునే రబ్బరు జాలి షీట్లు దొరుకుతాయి, తివాచీ కన్నా అంగుళం లోపలికి కత్తిరించి పరిస్తే బయటికి కనపడవు. చవక ప్లాస్టిక్‌వి టైల్స్‌కు అంటుకుని మరక చేస్తాయి కాబట్టి రబ్బరుదే అడిగి తీసుకోండి. రాత్రి బాత్రూముకు నడిచే దారిలో మాత్రం షీటు ఉన్నా సరే ఏదీ పరవొద్దు.

ఉన్ని, పట్టు తివాచీలే కావాలనుకునేవాళ్లు అవి ఎవరి చేతుల మీదుగా వచ్చాయో కనుక్కోవాలి. తివాచీ మగ్గాల దగ్గర పిల్లల చేత పని చేయించడం ఈ దేశంలో జరిగింది. కైలాష్ సత్యార్థి లాంటివాళ్లు దాని మీద పోరాడబట్టే, పిల్లల చేత నేయించలేదని చెప్పే రగ్‌మార్క్ ముద్ర 1994లో వచ్చింది. అదే ఇప్పుడు గుడ్‌వీవ్ పేరుతో తివాచీల మీద లేబుల్‌గా కనిపిస్తుంది. లేబుల్ లేకపోతే ఎక్కడ నేశారని అడగండి. ‘కాశ్మీర్’ అనో ‘ఇరాన్’ అనో ఒక్క మాట చెప్పి ఊరుకుంటే అది చాలదు. ఏ ఊరు, ఏ సంఘం అన్నది తెలిసిన వ్యాపారి చెప్పగలడు.

కొత్తవాడ నేతగాళ్ల సంఘాల దాకా వెళ్లగలిగితే మీ హాలు కొలత వెంట తీసుకెళ్లండి. రెడీగా ఉన్నవాటిలో సరిపోయేది లేకపోతే, ఆ కొలతకు, మీరడిగిన రంగుల్లో నేసి ఇవ్వగలరేమో అడగండి. నేయడానికి రోజులు పడతాయి కాబట్టి పండగకు ముందు వారం వెళ్తే లాభం లేదు.