బహుకోతల పశుగ్రాస పంటల దిగుబడి: గణాంక విశ్లేషణలో మెళకువలు

వరి మడిలో కోత ఒక్కసారే జరుగుతుంది. దిగుబడి అంకె కూడా ఒక్కటే. హైబ్రిడ్ నేపియర్, లూసర్న్, బహుకోతల జొన్న వంటి పశుగ్రాస పైర్లలో ఒకే మడి నుండి పలుమార్లు కోత తీస్తారు. ఈ భేదాన్ని విస్మరించి విశ్లేషిస్తే, రకాల మధ్య లేని తేడా ఉన్నట్లు తేలే ప్రమాదం కలదు. నేపియర్‌ను ఒకసారి నాటిన రైతు కొన్నేళ్ళపాటు దానిపైనే ఆధారపడతాడు గనుక, తప్పు సిఫారసు వలన కలిగే నష్టం అతనిపైనే పడుతుంది.

పొడి పదార్థం ఆధారంగా పోలిక

పచ్చిమేత బరువు తేమను బట్టి మారుతుంది. ఉదాహరణకు, 18 శాతం పొడి పదార్థం గల రకం 100 కిలోల పచ్చిమేత నిచ్చినా, అందులో పొడి పదార్థం 18 కిలోలే. 22 శాతం గల మరొక రకం 90 కిలోలే ఇచ్చినా, 19.8 కిలోల పొడి పదార్థం లభిస్తుంది. కనుక ప్రతి కోతలోనూ, ప్రతి మడి నుండి నమూనా తీసి, బరువు స్థిరపడే వరకు ఓవెన్‌లో ఆరబెట్టి, పొడి పదార్థపు దిగుబడిని లెక్కించవలెను.

కోతలు పునరావృత్తులు కావు

6 రకాలు, 4 పునరావృత్తులు, 5 కోతలు గల ప్రయోగంలో 24 మడుల నుండి 120 అంకెలు లభిస్తాయి. వీటిని పరస్పర సంబంధం లేనివిగా భావిస్తే దోషానికి 87 స్వాతంత్ర్య కోటులు వస్తాయి. అయితే భూసారం అధికంగా ఉన్న మడి ప్రతి కోతలోనూ అధికంగానే ఇస్తుంది. కావున రకాలను పోల్చుటకు ఆధారం 24 మడులే. తగిన దోషపు స్వాతంత్ర్య కోటులు 15 మాత్రమే. 5 శాతం స్థాయిలో ఎఫ్ పట్టిక విలువ మొదటి పద్ధతిలో సుమారు 2.32 కాగా, రెండవ దానిలో 2.90. లెక్కించిన ఎఫ్ విలువ 2.6 అయిన పక్షంలో మొదటి పద్ధతి తేడా ఉన్నదనును, రెండవది లేదనును. పైగా మడుల మధ్య దోషాన్ని మడి లోపలి దోషంతో కలిపివేయడం వలన ఎఫ్ విలువ కూడా సాధారణంగా పెరిగిపోతుంది.

విశ్లేషణ క్రమం

మొదట ప్రతి మడిలోని 5 కోతల మొత్తాన్ని కట్టి, ఆ 24 అంకెలకు అనోవా చేయవలెను. రకాల సగటు పోలికకు ఇది సులభమైన, దోషరహితమైన మార్గం.

తదుపరి కోతల ప్రభావాన్ని, రకం-కోత పరస్పర చర్యను పరిశీలించుటకు కోతను ఉపమడిగా భావించే స్ప్లిట్ ప్లాట్ పద్ధతిని వాడవచ్చును. ఇందులో మిగిలిన దోషానికి 72 స్వాతంత్ర్య కోటులు లభిస్తాయి. కాని కోతల వరుసను యాదృచ్ఛికంగా మార్చలేము. దగ్గరి కోతల మధ్య సంబంధం దూరపు కోతల మధ్య కంటె అధికంగా ఉండవచ్చును. అట్టి సందర్భంలో గ్రీన్‌హౌస్-గైసర్ సవరణను గాని, ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకొనే మిశ్రమ నమూనాను గాని అనుసరించవలెను.

సిఫారసుకు ముందు

రకం-కోత పరస్పర చర్య ప్రాముఖ్యత గలదని తేలినచో, ఏడాది మొత్తాన్ని మాత్రమే చూపి ముగించరాదు. రెండు రకాల మొత్తం సమానమైనప్పటికీ, ఒకటి వర్షాకాలంలో విరివిగానూ వేసవిలో స్వల్పంగానూ ఇవ్వవచ్చును. మేత కొరత వేసవిలోనే గనుక, పాడి రైతుకు రెండవ రకమే మేలు. కావున విస్తరణ శాస్త్రవేత్తలు మొత్తం దిగుబడితో పాటు కోతల వారీ పట్టికను, ఆయా పోలికలకు తగిన సీడీ విలువలను వేరువేరుగా ప్రకటించుట అవసరం.