గొర్రెలు మేసిన వాలులో ద్రాక్ష

న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని సెంట్రల్ ఓటాగో ప్రాంతంలో, వానకా సరస్సు ఒడ్డున రిప్పన్ అనే ద్రాక్షతోట ఉంది. ఒకప్పుడిది వానకా స్టేషన్‌లో భాగం. పేరులో స్టేషన్ ఉన్నా రైళ్లతో సంబంధం లేదు; ఆ దేశంలో స్టేషన్ అంటే గొర్రెలు మేపే విశాలమైన భూమి. 1912లో దాన్ని పర్సీ సార్‌గుడ్ అనే వ్యాపారి కొన్నాడు. తోటకు పెట్టింది ఆయన నాయనమ్మ ఎమ్మా రిప్పన్ పుట్టింటి పేరు.

పర్సీ మనవడు రోల్ఫ్ మిల్స్, ఆయన భార్య లోయిస్ 1970ల మధ్యలో ఇక్కడ రకరకాల ద్రాక్ష తీగలు నాటి చూశారు. అంత చలిలో ద్రాక్ష పండదన్నది అప్పట్లో ఎక్కువమంది మాట. ఆ దంపతులు ఫ్రాన్స్ వెళ్లి కొంతకాలం ఉండి పని నేర్చుకొచ్చి, 1982లో అమ్మకం కోసం తొలి తోట వేశారు. సరిగ్గా ఆ ఏడే న్యూజీలాండ్‌లో గొర్రెల సంఖ్య శిఖరానికి చేరింది: సుమారు 7 కోట్లు, అంటే మనిషికి 22 చొప్పున. 1984 నుంచి ప్రభుత్వం వ్యవసాయ రాయితీలు ఎత్తేయడంతో మందలు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు రెండున్నర కోట్లలోపే మిగిలాయి. కొన్ని మేత భూములు తోటలయ్యాయి. మిల్స్ దంపతులు మాత్రం ఆ దెబ్బ తగలకముందే దారి మార్చారు.

ఈ చోటు ద్రాక్షకు ఎలా సరిపోయిందన్నదే అసలు విషయం. దక్షిణార్ధగోళంలో ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. తోట వాలు అటే తిరిగి ఉంది. చల్లగాలి బరువైనది కాబట్టి వాలులో నిలవకుండా కిందికి జారిపోతుంది. లోతైన సరస్సు వేసవి వేడిని దాచుకుని నెమ్మదిగా వదులుతుంది. వసంతంలో లేత చిగుళ్లను మాడ్చేసే రాత్రి మంచు బెడద ఈ రెంటివల్లా తగ్గుతుంది. నేల అడుగున షిస్ట్ అనే పొరల రాయి ఉంది. పోర్చుగల్‌లో పేరుమోసిన దౌరో లోయ ద్రాక్షతోటలూ షిస్ట్ నేలలోనివే. గడ్డికి పేదనేల అనిపించేది ద్రాక్షకు మేలు చేస్తుంది: తీగ ఆకుల మీద బలం వృథా చేసుకోకుండా కాయ మీద పెడుతుంది.

రోల్ఫ్ 2000లో మరణించాడు. కొడుకు నిక్ ఫ్రాన్స్‌లోని బర్గండీలో చదివి, అక్కడి తోటల్లో పనిచేసి 2002లో తిరిగొచ్చి వైన్ తయారీ చేపట్టాడు. తోటను బయోడైనమిక్ సాగులోకి మళ్లించాడు. రసాయనాలు వాడరు, కంపోస్టు వేస్తారు, ఆవు కొమ్ములో పేడ నింపి నేలలో పాతి, తరవాత తీసి నీళ్లలో కలిపి చల్లుతారు. కొమ్ము మహిమ ఎంతన్నది వాదించదగ్గ సంగతే గానీ, కంపోస్టు మీద పెట్టిన శ్రద్ధ నేలకు మంచిదన్నదాంట్లో వాదన లేదు.

ఇక్కడి తీగల్లో చాలావాటికి అంటు కట్టలేదు, సొంత వేళ్ల మీదే నిలిచాయి. ఫైలోక్సెరా అనే వేరుపురుగు భయంతో ప్రపంచంలో ఎక్కువ చోట్ల అమెరికా జాతుల వేళ్ల మీద అంటు కట్టడమే ఆనవాయితీ. ఆ పురుగు వస్తే తట్టుకోలేవని తెలిసీ ఉంచుకున్న తీగలివి.

ప్రధాన పంట పినో న్వార్ అనే ద్రాక్ష రకం. రీస్లింగ్, గెవుర్జ్‌ట్రమినర్‌లతో పాటు, బయట అరుదుగా కనిపించే ఓస్టైనర్ కూడా పండుతుంది. పాత తీగలున్న మడి పండుతో చేసిన వైన్‌ను విడిగా టింకర్స్ ఫీల్డ్ పేరుతో సీసాల్లో నింపుతారు. టింకర్ అన్నది రోల్ఫ్ ముద్దుపేరు. మరో మడి ఎమ్మాస్ బ్లాక్.