ఒక జ్వరం - మూడు శాస్త్రాలు

మంచిర్యాల జిల్లాలోని చెన్నూరు గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. తూర్పున ప్రాణహిత, చుట్టూ అడవులు, వరిమళ్ళు, పత్తిచేలు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఇటువంటి అటవీ ప్రాంతాలను చలిజ్వరం, అనగా మలేరియా, తరతరాలుగా పీడించినది. వానలు కురిసి గుంటలు నిండిన నాళ్ళలో అది విజృంభిస్తుంది. నాట్లకు, కలుపుతీతకు మనుషులు కావలసిన రోజులు కూడ అవే. కూలివాడు వారం రోజులు మంచం పట్టితే ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

ఈ జ్వరాన్ని గురించి పరిశోధించవలసినవారు ఎవరు? వైద్యులే అని విద్యార్థులు వెంటనే జవాబు చెప్పుతారు. కాని వైద్యశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం - ఈ మూడూ దీనిపై పనిచేసినవి. వాటి ప్రశ్నలు వేరు, పద్ధతులు వేరు, రుజువు చేసే తీరు కూడ వేరు.

వైద్యుని ప్రశ్న

రోగానికి కారణమేమి? అది ఒకరినుండి మరొకరికి ఎట్లా చేరుతున్నది? ఇవి వైద్యుని ప్రశ్నలు. మలేరియా అనే ఇటాలియను మాటకు చెడుగాలి అని అర్థం. చాలకాలం ప్రజలు రోగకారణం గాలియే అని నమ్మినారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూచినాడు. అది రక్తంలోనికి ఎట్లా వచ్చినదో తెలియలేదు.

ఆ చిక్కు మొదట విడినది మన సికిందరాబాదు దగ్గరి బేగంపేటలో. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, అతనిని దోమలచేత కుట్టించినాడు. తరువాత ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించినాడు. 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలు కనిపించినవి. వాటిలోని నల్లని రేణువులు రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉండేవాటివంటివే. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా వ్యాపిస్తుందని నిరూపించినాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. ఇక్కడ రుజువు ఓపికతో చేసిన పరిశీలన.

రసాయనికుని ప్రశ్న

రోగాన్ని కుదిర్చే పదార్థం ఏది? రసాయనికుడు ఇక్కడ మొదలుపెట్టుతాడు. సింకోనా బెరడు ఈ జ్వరానికి మందని దక్షిణ అమెరికానుండి ఐరోపాకు 17వ శతాబ్దంలోనే తెలిసినది. ఆ బెరడులో పనిచేసే పదార్థమైన క్వినైనును 1820లో పెల్తియే, కావెంతూ అనే ఫ్రెంచివారు వేరుచేసినారు. అప్పటినుండి మందును తూచి ఇవ్వడానికి వీలైనది.

చైనాలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలి కృషి ఇటువంటిదే. మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కనుండి తీసిన సారం ఒకసారి పనిచేసేది, మరొకసారి పనిచేసేది కాదు. ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండుకొని త్రాగమని ప్రాచీన వైద్యగ్రంథంలో ఉన్నది, కాచమని లేదు. వేడి గుణాన్ని పోగొట్టుతున్నదేమోనని ఆమె ఊహించినది. 1971లో సుమారు 35 డిగ్రీల వద్దనే మరిగే ఈథరుతో సారం తీయగా అది చక్కగా పనిచేసినది. దానినుండి లభించినదే ఆర్టిమిసినిన్. 2015లో ఆమె నోబెల్ బహుమానం అందుకొన్నది. ఇక్కడ రుజువు శుద్ధిచేసిన పదార్థం.

తెలిసిన తరువాత

కారణం తెలిసినది, మందులున్నవి, దోమలను చంపే డి.డి.టి. కూడ వచ్చినది. 1953లో భారతదేశం మలేరియా నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించేనాటికి ఏటా 7.5 కోట్లమందికి ఈ జ్వరం వచ్చేదని, 8 లక్షలమంది మరణించేవారని అంచనా. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగినది. రోగం అంతరించినట్లే అని తలచారు. కాని 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటినది! దోమలు డి.డి.టి.కి లొంగకపోవడం ఒక కారణం. పర్యవేక్షణ సడలడం, మందుల సరఫరా చాలకపోవడం మరికొన్ని. సాధనం ఉండటం ఒక ఎత్తు, అది ప్రతి ఇంటికీ ఎడతెగక అందడం మరొక ఎత్తు.

అర్థశాస్త్రజ్ఞుని ప్రశ్న

ఉన్న డబ్బుతో ఎక్కువమందిని కాపాడేదెట్లా? మందు పూసిన దోమతెరలను ఉచితంగా ఇవ్వాలా, కొంత ధర పెట్టాలా? ఊరికే వచ్చినదానిని జనం లెక్కచేయరని కొందరు, ధర పెట్టితే పేదలు కొనలేరని కొందరు వాదించినారు. జెస్సికా కోహెన్, పాస్కలీన్ ద్యుపా అనే అర్థశాస్త్రజ్ఞులు కెన్యాలో దీనిని పరీక్షకు పెట్టి, 2010లో ఫలితాలను ప్రకటించినారు. గర్భిణులు వచ్చే కొన్ని ఆరోగ్యకేంద్రాలలో ఉచితంగా, మరికొన్నిటిలో వేరువేరు ధరలకు తెరలను ఇప్పించినారు. ఏ కేంద్రానికి ఏ ధర అన్నది చీట్లు వేసినట్లు నిర్ణయించినారు కనుక, కేంద్రాల మధ్య తేడా ధరవలననే అని చెప్పగలిగినారు. ఉచితంగా ఉన్న తెరకు 0.60 డాలరు ధర పెట్టేసరికి తీసుకొనేవారు నూటికి 60 మంది మేర తగ్గినారు. ఉచితంగా పొందినవారు తెరను వాడకుండ పారవేసినారనడానికి ఆధారం దొరకలేదు. ఇటువంటి క్షేత్రప్రయోగాల పద్ధతిని పెంపొందించినందుకే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్లకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. ఇక్కడ రుజువు పోలిక.

పాఠశాల వెనుక నీరు నిలిచిన గుంట ఉంటే ఉపాధ్యాయుడు దానినే పాఠంగా తీసికొనవచ్చును. దానిలో పెరిగే దోమ ఏ జాతిది? ఆ పురుగులను చంపి, నీటికి హాని చేయని పదార్థమేది? గుంట పూడ్చితే అయ్యే ఖర్చెంత, పూడ్చకపోతే ఊరిలో పోయే కూలిదినాలెన్ని? గుంట ఒకటే, ప్రశ్నలు మూడు. ఏ ఒక్క జవాబుతోనూ జ్వరం ఆగదని 1976 చెప్పుతున్నది.